వేదనా నివారణము, వ్యసన భయము: ప్రాథమిక వైద్యుని వివేకము

(డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీ స్మృత్యర్థము సుల్తాన్‌పూర్‌నందు చేసిన ఉపన్యాస పాఠము)



ఎవరి స్మృతికై మనము నేడిచట సమావేశమైతిమో ఆ రూపాబాయి ఫర్దూంజీగారు, స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుటయే వింతగా తోచు కాలమున, 1885లో హైదరాబాదు వైద్యపాఠశాలలో చేరిన ఐదుగురు మహిళలలో ఒకరు. 1889లో పట్టము పొంది, ఆ పాఠశాలకు పెద్దగా నుండిన ఎడ్వర్డ్ లారీగారి శిక్షణలో క్లోరోఫారమును ప్రయోగించు విద్యయందు ఆరితేరి, ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా ఆమె పేరొందిరి. ఇరువది యేండ్ల అనుభవము గడించియు తృప్తి చెందక, తాను నిత్యము ప్రయోగించు ఆవిరుల స్వభావమును మూలముట్ట తెలిసికొనవలెనను తలంపుతో 1909లో ఎడింబరోకు వెళ్లి భౌతిక రసాయన శాస్త్రములను చదివిన జిజ్ఞాసువు ఆమె. నొప్పిని మాన్పు మందు ప్రాణమునకు ముప్పు తెచ్చునేమో అను శంక ఎదురైనప్పుడు, ఆ మందును భయముతో పారవేయుట గాని, భక్తితో నెత్తిన పెట్టుకొనుట గాని చేయక, దానిని ఇంకను లోతుగా తెలిసికొనబోవుట ఆమె మనకు చూపిన మార్గము.

ఆ కాలపు హైదరాబాదు ఒక మహావివాదమునకు కేంద్రము. క్లోరోఫారము పీల్చిన రోగులలో కొందరు శస్త్రచికిత్స జరుగుచుండగనే హఠాత్తుగా మరణించుచుండ, ఆ మరణము గుండె ఆగుటచేతనా, ఊపిరి ఆగుటచేతనా అని ఐరోపా వైద్యులు తర్కించుకొనుచుండిరి. ఆ చిక్కు విప్పుటకై ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుగారి ప్రభుత్వ పోషణలో 1888లో ఒకమారు, 1889లో మరియొకమారు హైదరాబాదు క్లోరోఫారము కమిషను వందలకొలది జంతువులపై ప్రయోగములు చేసెను. రెండవ కమిషనులో పాల్గొనుటకు లాన్సెట్ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ పండితుడు లండను నుండి తరలివచ్చెను. ముందుగా ఆగునది ఊపిరియే గాని గుండె కాదనియు, ఊపిరిని ఎడతెగక కనిపెట్టియుండు వైద్యుని చేతిలో క్లోరోఫారమునకు వెరవ పనిలేదనియు కమిషను తీర్పు చెప్పెను. 1911లో గుడ్‌మన్ లీవీ ప్రయోగములతో ఆ తీర్పులో సగము కూలిపోయెను. మత్తు తేలికగా నున్న సమయమున దేహమందు ఎడ్రినలిన్ ఉప్పొంగినచో గుండె లయ తప్పి నిలిచిపోగలదని ఆయన నిరూపించెను. అట్లు 'వెరవ పనిలేదు' అను వాక్యము చరిత్రలో కలిసిపోయినది. 'ఎడతెగక కనిపెట్టియుండుము' అను విధి మాత్రము నేటికిని మత్తువైద్యమునకు మూలసూత్రమై నిలిచియున్నది. నేటి నా ప్రసంగమంతయు ఆ విధికి ఒక వ్యాఖ్యానము మాత్రమే.

నేడు మన ముందున్న మందు క్లోరోఫారము కాదు; ఓపియాయిడ్లని వైద్యులు పిలుచు నల్లమందు జాతి ఔషధములు. గసగసాల కాయ పాలనుండి వచ్చు మార్ఫిను, కొడీను మొదలుకొని, ప్రయోగశాలలో పుట్టిన ట్రమడాల్, టాపెంటడాల్, ఫెంటనిల్ వరకు ఇవన్నియు మెదడులోని ఒకే జాతి గ్రాహకములను తాకి నొప్పిని అణచును. మోతాదు మీరినచో ఊపిరిని కూడ అణచును. కొన్నాళ్లు వాడిన దేహము వీనికి అలవాటుపడును. ఆ అలవాటుపడిన వారిలో కొందరి మనస్సు వీనికి బానిసయగును. ఎవరు ఆ కొందరు? వారిని ముందుగా గుర్తించుట సాధ్యమా? సాధ్యమైనచో మండల కేంద్రపు దవాఖానలో, ఒక్కొక్క రోగికి నాలుగైదు నిమిషములకు మించి కేటాయింపజాలని వైద్యుడు దానిని ఎట్లు చేయవలెను? ఇదియే నేటి విషయము.

ఈ విషయమున లోకము రెండు వైపులకును తప్పటడుగు వేసియున్నది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ఐదు వాక్యముల లేఖ యొకటి వెలువడెను. ఆసుపత్రిలో మాదక ఔషధములు పొందిన 11,882 మందిలో వ్యసనపరులైనట్లు స్పష్టముగా తేలినవారు నలుగురే అని దాని సారము. ఆసుపత్రి పరుపు మీద, నర్సు కన్నుల ఎదుట, కొద్ది దినములు మందు పుచ్చుకొన్నవారి లెక్క అది. ఇంటికి నెలకు సరిపడ మాత్రలు మూటగట్టుకొనిపోవు నడుమునొప్పి రోగికి ఆ లెక్క వర్తింపదు. ఐనను అది వర్తించునన్నట్లే దశాబ్దములపాటు ఉదాహరింపబడినది; 2017లో అదే పత్రికలో ప్రకటితమైన ఒక పరిశీలన ప్రకారము 608 రచనలు ఆ లేఖను పేర్కొనగా, వానిలో నూటికి 72 వ్యసనము అరుదనుటకే దానిని సాక్ష్యముగా చూపినవి. 1996లో ఆక్సీకాంటిన్ అను నల్లమందు జాతి మాత్ర విపణిలోనికి వచ్చుటయు, దానిని అమ్మిన సంస్థ ఆ మందు వ్యసన స్వభావమును తక్కువచేసి చూపిన నేరమును 2007లో న్యాయస్థానమున అంగీకరించుటయు అందరెరిగినవే. మాత్రలతో మొదలైన ఆ ప్రవాహము హెరాయినుగా, పిదప దొంగ ఫెంటనిల్‌గా మారి, 2021, 2022, 2023 సంవత్సరములలో మాదకద్రవ్యముల మోతాదు మీరి అమెరికాలో మరణించినవారి సంఖ్య ఏటేట లక్ష దాటినది.

మన దేశము జారినది రెండవ వైపునకు. 1985లో వచ్చిన మాదకద్రవ్యముల చట్టము దొంగ వ్యాపారిని పట్టుకొనుటకు పన్నిన వల. అయితే ఆ వలలో ముందుగా చిక్కినవాడు క్యాన్సరు రోగి. ఒక్కొక్క రాష్ట్రమున పలు అనుమతులు, పలు కార్యాలయములు, చిన్న పొరపాటునకు కూడ కఠిన శిక్ష ఉండుటచే ఆసుపత్రులు మార్ఫినును తెప్పించుటయే మానుకొన్నవి. చట్టము వచ్చిన పండ్రెండేండ్లలో దేశమున వైద్యావసరములకు వాడిన మార్ఫిను నూటికి తొంబది పాళ్లకు మించి తగ్గిపోయెను. 2014లో చట్టమును సవరించి, అత్యవసర మాదక ఔషధములను వేరుచేసి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు వానిని సులభము చేసిరి గాని, అప్పటికి ఒక తరము వైద్యులు మార్ఫిను చీటీ వ్రాయుట నేర్వకయే వృద్ధులైరి. 2017లో లాన్సెట్ కమిషను వేసిన లెక్కలో, తీవ్రవేదనలో నున్న భారతీయ రోగులకు అందుచున్న నల్లమందు జాతి ఔషధము అవసరములో నూటికి 4 పాళ్లు మాత్రమే. అమెరికాలో అది అవసరమునకు ముప్పది రెట్లకు పైబడినది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగమును నెలకొల్పి, పెయిన్ రిలీఫ్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ ద్వారా ఆ వైద్యమును జిల్లాలకు వ్యాపింపజేయుటకు శ్రమించినవారు లేకున్నచో, మన రాష్ట్రమున ఆ నాలుగు పాళ్లు కూడ పేదవానికి అందెడివి కావు.

మంచి మందు దవాఖానలో దొరకని దేశమున చెడు వాడుక దుకాణములో పెరుగుట విచిత్రముగా తోచవచ్చును గాని, జరిగినది అదియే. కేంద్ర ప్రభుత్వము ఎయిమ్స్ వారిచే చేయించి 2019లో ప్రకటించిన సర్వేలో నల్లమందు జాతి పదార్థములను వాడువారు జనాభాలో నూటికి 2.06, అనగా రెండుకోట్ల ఇరువదియారు లక్షలు. అందులో హెరాయిను వాడువారు 1.14 శాతము కాగా, ఔషధ రూపముననున్న వానిని వాడువారు 0.96 శాతము (రెండును వాడువారు రెండు లెక్కలలోను కలరు). ఒక్కొక్క మందును నిషేధించినకొలది దాని వెనుక మరియొకటి వచ్చి నిలుచుచున్నది. 2013లో డెక్స్‌ట్రోప్రొపాక్సిఫీను అను ఆ జాతి మందు ఆగినది. ఆ ఖాళీలోనికి ట్రమడాల్ వచ్చినది. 2018 ఏప్రిలులో ట్రమడాల్ మాదకద్రవ్య చట్టపు పట్టిక కెక్కినది. వాడుక టాపెంటడాల్ వైపునకు మరలినది. టాపెంటడాల్, కారిసోప్రొడాల్ కలిపిన మాత్రలను పశ్చిమాఫ్రికాకు ఎగుమతి చేయుట బయటపడగా 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వము ఆ సంయోగమును ఆపివేసినది. మందుల వరుస మారుచున్నది గాని, వానిని అడుగు మనిషి నొప్పి మారుటలేదు. కనుక మందును మాత్రమే లెక్కించు పద్ధతి విడిచి, మనిషిని చూచు పద్ధతికి రావలసియున్నది.

ఆ మనిషి ఎవరో ఈ నేల మీద నిలిచి చెప్పుట కష్టము కాదు. ఈ సుల్తాన్‌పూర్ వైద్యోపకరణముల పార్కునకు 2017లో పునాది పడినది. గుండె రక్తనాళములలో అమర్చు స్టెంట్లు ఇచట తయారగుచున్నవి. బొల్లారం, గుమ్మడిదల, జిన్నారం, పాశమైలారం, పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డి వరకు వ్యాపించిన ఈ వలయమున దేశమునకు కావలసిన మందులలో ఎన్నియో మూల పదార్థములుగా పుట్టుచున్నవి. వానిని పుట్టించు చేతులలో పెక్కు బీహారు, ఒడిశా, ఝార్ఖండు, ఉత్తరప్రదేశముల నుండి గుత్తేదారు వెంట వచ్చిన చేతులు. డ్రమ్ములు దొర్లించి నడుములు, బస్తాలు మోసి భుజములు, పండ్రెండు గంటల షిఫ్టులో నిలబడి మోకాళ్లు అరిగిన ఈ కార్మికునకు నొప్పి తగ్గువరకు విశ్రాంతి పుచ్చుకొను వెసులుబాటు లేదు. "నొప్పి గోలీ ఇయ్యి సారూ, రాత్రి డ్యూటీకి పోవాలె" అని అతడడుగునది రోగనివారణము కాదు, ఆ రాత్రి కూలి నిలుపుకొను ఉపాయము. 2025 జూన్ 30న పాశమైలారములో పేలుడు సంభవించి యాభైకి పైగా ప్రాణములు పోయిన దుర్దినమున కాలిన దేహములతో బయటపడినవారి వంటి క్షతగాత్రులకు బలమైన మందు ఇయ్యకుండుట క్రూరత్వమే. ఆ మందు ఎంతకాలము, ఎవరి పర్యవేక్షణలో అను ప్రశ్న అడుగకుండుట కూడ అంతకు తీసిపోని నిర్లక్ష్యమే.

ఈ కార్మికునకు మొదటి వైద్యుడు ఎవరు? పుస్తకములు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమని చెప్పును. పేరు నమోదైనవానికి ఈఎస్ఐ డిస్పెన్సరీ, పట్టణ వాడలలో నున్నవానికి బస్తీ దవాఖాన కలవు. ఐనను పగలు నిద్రించి రాత్రి పనిచేయువానికి ఆ వేళలు కుదరవు. రాత్రి తొమ్మిదికి తలుపు తెరచియుండునది ఆరెంపీ డాక్టరు గది. దానికంటెను చేరువైనది మెడికల్ షాపు. అల్ప్రాజోలం అను నిద్రమందు, ట్రమడాల్, కొడీను మొదలైనవి 2014 మార్చి నుండి ఔషధ నియమముల హెచ్1 పట్టికలో చేరియున్నవి. వానిని అమ్మినప్పుడు వైద్యుని పేరు, రోగి పేరు, పరిమాణము ప్రత్యేక రిజిస్టరులో వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెనని నియమము. ఆ రిజిస్టరు ఈ ప్రాంతమున నిజాయితీగా నిండినచో, దానిని మించిన వ్యసన నిర్ధారణ పత్రము వేరొకటి ఉండబోదు.

ఇక ముందుగా గుర్తించు సాధనముల మాట. 2005లో లిన్ వెబ్‌స్టర్ అను అమెరికా వైద్యుడు ఓపియాయిడ్ రిస్క్ టూల్ అను చిన్న పట్టికను ప్రకటించెను. కుటుంబములో మద్యము, మాదకద్రవ్యములు, వైద్యుని మందుల దుర్వినియోగము ఉండినవా, రోగికే అవి ఉండినవా, వయస్సు 16కు 45కు నడుమనా, బాల్యమున లైంగిక హింసకు గురియైనారా, కుంగుబాటు గాని ఇతర మానసిక వ్యాధి గాని కలదా అను ప్రశ్నలకు మార్కులు వేసి కూడినచో, మూడు వరకు స్వల్పమనియు, నాలుగు నుండి ఏడు మధ్యమమనియు, ఎనిమిదియు ఆపై అధికమనియు అపాయమును మూడు తరగతులు చేయును. రెండు నిమిషముల పని. కావుననే అది ప్రపంచమంతట ప్రాకినది. 2019లో దీనిని సంస్కరించినవారు లైంగిక హింస ప్రశ్నను తొలగించి, మార్కుల తారతమ్యమును తీసివేసి, ఇంకను సరళము చేసిరి. అయితే ఇట్టి సాధనములు వ్యసనమును ముందుగా పట్టుకొనుటలో అంతంతమాత్రమే నమ్మదగినవని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2022లో వైద్యులను హెచ్చరించినది. స్వల్పమని తేలినవానిని వదలివేయుట, అధికమని తేలినవానిని తరిమివేయుట, ఈ రెండును ఆ పట్టిక పేర జరిగిన అపచారములే.

మన గడప దగ్గర ఆ పట్టికకు ఇంకొక లోపము కలదు. మద్యము త్రాగుదువా అని అడిగినచో ఈ ప్రాంతపు పెద్దమనిషి నిస్సంకోచముగా "లేదు సారూ, ఎప్పుడన్న గింత కల్లు" అని చెప్పును. వైద్యుడు సున్న మార్కు వేసి ముందునకు సాగును. ఆ సీసాలో ఏమున్నదో ఇరువురకును తెలియదు. తాటిచెట్టు నుండి, ఈతచెట్టు నుండి దిగిన కల్లు ఈ జిల్లాలలో అమ్ముడగు కల్లులో ఎంత పాలో దేవునికెరుక. తక్కినది నీటికి తీపి, నురుగు, మత్తు కలిపి తయారుచేయు ద్రవము. ఆ మత్తు ఒకప్పుడు క్లోరల్ హైడ్రేటు, పిదప డయజిపాం, నేడు అల్ప్రాజోలం. ఆ అల్ప్రాజోలమును దొంగతనముగా తయారుచేయుచు పట్టుబడిన కేంద్రములలో కొన్ని ఈ వలయమునందలివే యగుట మనము తలవంచుకొని ఒప్పుకొనవలసిన సత్యము. 2015లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగరు ప్రాంతములలో అది హఠాత్తుగా ఆగిపోయి, వణకులతో, మూర్ఛలతో, పొంతనలేని మాటలతో, లేనివారు కనబడుచున్నారను భ్రమలతో జనము ఆసుపత్రులకు తరలివచ్చిరి. ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయము కూడ వారితో నిండినది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిరి.

ఈ కల్లునకును మన విషయమునకును గల సంబంధమును వైద్యుడు క్షణమైనను మరువరాదు. అల్ప్రాజోలము వంటి నిద్రమందును, నల్లమందు జాతి ఔషధమును వేర్వేరుగా ఓర్చుకొనగల దేహము, రెండును కలిసినప్పుడు ఓర్చుకొనలేక నిద్రలోనే ఊపిరి తీయుట మానివేయవచ్చును. హైదరాబాదు కమిషనువారు క్లోరోఫారము విషయమున పొరబడిరి గాని, ఈ మందుల విషయమున 'ఊపిరిని కనిపెట్టుము' అను వారి మాట అక్షరాల వర్తించుచున్నది. అంతేకాదు, ట్రమడాల్ కొందరిలో మూర్ఛలు తెప్పించును. కల్తీ కల్లు హఠాత్తుగా మానినప్పుడును మూర్ఛలు వచ్చును. రెండును ఒకే మనిషిలో కూడినప్పుడు ఆ ఫిట్సునకు కారణమేదో తెలియక, అసలు మూలమును వదలి వేరు రోగమునకు చికిత్స సాగు ప్రమాదమున్నది. కావున మన దవాఖానలో అడుగవలసిన మొదటి ప్రశ్న, "తాగుతవా?" అనునది కాదు. "కల్లు రోజుకు ఎన్ని సీసలు? ఒక్కరోజు దొరకకుంటే ఎట్లుంటది? చేతులు వణుకుతయా, నిద్ర పడుతదా?" అని నిందలేని గొంతుతో అడిగినచో, ఏ పట్టికయు చెప్పలేని సంగతి ఆ జవాబులో దొరకును.

రెండవ ప్రశ్న, ఇదివరకే మింగుచున్న మందుల గూర్చి. పేరు చెప్పుమనిన ఎవరును చెప్పలేరు; రంగు చెప్పుదురు. రాబోవునప్పుడు షీటు తీసికొని రమ్మనవలెను. మూడవది, కుటుంబము. ఇచటివానిని అడిగినచో తండ్రి సంగతి, మేనమామ సంగతి చెప్పును. వేయి మైళ్ల దూరమునుండి వచ్చిన కుర్రవానికి ఆ సంగతులు చెప్పు మనుష్యులు చుట్టును లేరు, అతనితో భాష కలిసినవాడు కూడ దవాఖానలో ఉండకపోవచ్చును. అట్టి ఒంటరితనమే ఒక అపాయ కారణమని గుర్తుంచుకొనవలెను. నాలుగవది, మనస్సు. మన రోగులలో కుంగుబాటు ఉన్నట్లు చీటీ వ్రాయించుకొన్నవారు బహు తక్కువ. కనుక మానసిక వ్యాధి కలదా అని కాక, నిద్ర, ఆకలి, ఏడుపు, చావు తలంపు, వీనిని గూర్చి అడుగవలెను. స్త్రీ రోగియైనచో అత్తగారి ఎదుటను, భర్త ఎదుటను అడుగరాదు. తెర చాటునకైనను తీసికొనిపోయి ఏఎన్ఎం ద్వారా అడిగింపవలెను. గురక, ఆయాసము, ముసలితనము ఊపిరిని ముందే బలహీనము చేసియుండును గనుక వానిని కూడ కనుగొనవలెను.

అసలు ఈ మందు ఆ నొప్పికి పనికివచ్చునా అను ప్రశ్న వీనియన్నిటికంటె ముందు నిలువవలసినది. నడుము, మోకాలు, తుంటి నొప్పులు దీర్ఘకాలముగా నున్న 240 మందిని అమెరికాలో ఏడాదిపాటు పరిశీలించి 2018లో ప్రకటించిన ప్రయోగములో, నల్లమందు జాతి మందులు సాధారణ నొప్పిమందులకంటె మనిషి కదలికను మెరుగుపరుపలేదు. నొప్పి విషయమున సాధారణ మందులే కొంత మేలనిపించినవి. ఆస్ట్రేలియాలో 2023లో వెలువడిన ప్రయోగమందు కొత్తగా పట్టిన నడుము, మెడ నొప్పులకు ఆ జాతి మందు ఉత్తుత్తి మాత్రకంటె మేలు చేయలేదు. పారిశ్రామికవాడ దవాఖానకు వచ్చు నొప్పులలో అధిక భాగము ఇట్టివే. ఇక ఎముక విరిగినవానికి, కాలినవానికి, శస్త్రచికిత్స జరిగినవానికి ఇయ్యవలసివచ్చినప్పుడు దినముల సంఖ్యయే సర్వము. అమెరికాలో 2017లో ప్రకటించిన గణనలో, మొదట కనీసము ఒక్క దినమునకైనను మందు పొందినవారిలో ఏడాది పిదప కూడ వాడుచున్నవారు నూటికి 6. ఎనిమిది దినములు గాని అంతకు మించి గాని పొందినవారిలో 13కు పైన. నెల దాటి పొందినవారిలో దాదాపు 30. అనగా అపాయము రోగి వంశమునందును, స్వభావమునందును మాత్రమే లేదు. వైద్యుని కలములో కూడ కలదు. రోగిని ప్రశ్నించు పట్టికలో ఈ అంశమునకు మార్కులు లేకపోవుట గమనింపదగినది.

అపాయము అధికమని తేలినవానిని ఏమి చేయవలెను? నిరాకరించినచో అతడు మెడికల్ షాపునకు పోవును. అచట అడుగువాడు గాని, ఆపువాడు గాని ఉండడు. మందు అవసరమైనచో తక్కువ మోతాదు, తక్కువ దినములు వ్రాసి, మూడవనాడు తిరిగి రమ్మని, వచ్చినప్పుడు నొప్పి ఎంత తగ్గినది అని మాత్రమే గాక పని చేయుచున్నాడా, నిద్రించుచున్నాడా, మాత్రలు గడువుకు ముందే అయిపోయినవా అని అడిగి, ఇంటివారిలో ఒకరిని మాత్రలు తమ చేత నుంచుకొనుమని కోరవలెను. చాల దినములు వాడినవానికి ఆవులింతలు, ముక్కు కారుట, గగుర్పాటు, విరేచనములు, ఒళ్లు విరుపు కనబడినచో అది దేహము అలవాటుపడిన లక్షణమే గాని, అంతమాత్రముచే అతడు వ్యసనపరుడు కాడు. మోతాదు నెమ్మదిగా దింపినచో చాలును. కీడు కలుగుచున్నను మానలేకుండుట, మందు కోసమై పనిని, ఇంటిని, సత్యమును వదలివేయుట వ్యసన లక్షణములు. ఆ స్థితిలోని వానికి ఉపదేశము చాలదు, వైద్యము కావలెను. బ్యూప్రినార్ఫిను వంటి మందులతో సాగు చికిత్స లోకమంతట ఫలించినది. సలహాకు టెలీమానస్ 14416, వ్యసన విముక్తి సహాయమునకు 14446 అను ఉచిత సంఖ్యలు కలవు. ఊపిరి మందగించినవానిని క్షణములలో లేవనెత్తు నలాక్సోను ఇంజెక్షను ప్రతి ప్రాథమిక కేంద్రపు అలమారలో ఉండవలసినదే.

ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలన్నియు క్యాన్సరుతో మూలుగు ముసలివాని మంచము దగ్గరకు వచ్చునప్పటికి వేరొక రూపము దాల్చవలెను. అతనికి వ్యసనము వచ్చునేమో అని మార్ఫిను ఆపుట వివేకము కాదు. ఆ ఇంటిలోని యువకుని చేతికి ఆ మాత్రలు పోకుండ చూచుట వివేకము. అమెరికా అనుభవము విని భయపడి మనము మరల 1985 నాటి తలుపులు మూసికొనుట, ఆకలిగొన్నవానికి అజీర్తి కథలు చెప్పి అన్నము తీసివేయుట వంటిది. అపాయమును అంచనా కట్టుట మందు నిలుపుటకు వచ్చిన విద్య కాదు. నిర్భయముగా ఇచ్చుటకు వచ్చిన విద్య.

ఈ సభ ముగియులోపల మూడు కోరికలు మీ ముందుంచుచున్నాను. మొదటిది వైద్యులకు: మన దవాఖానల చీటీలో రక్తపోటునకు గడి ఉన్నట్లే కల్లునకు, నిద్రమాత్రకు, ఇదివరకటి నొప్పి గోలీకి మూడు గడులు చేర్చుడు, నల్లమందు జాతి మందు వ్రాసిన ప్రతి చీటీ మీద మరల రావలసిన తేదీని వ్రాయుడు, రానివానిని ఆశా కార్యకర్త ద్వారా విచారింపుడు. రెండవది మందుల దుకాణదారులకు, ఆరెంపీ సోదరులకు: హెచ్1 రిజిస్టరును తనిఖీదారుని కొరకు గాక మీ వీధి పిల్లల కొరకు నింపుడు, చీటీ లేనివానిని తిట్టి పంపక దవాఖాన దారి చూపుడు. మూడవది ప్రభుత్వమునకు, పరిశ్రమల యాజమాన్యములకు: కల్తీ కల్లు మీద దాడి చేయు దినముననే సమీప ఆసుపత్రిలో మూర్ఛలకు, వణకులకు చికిత్స సిద్ధముచేయుడు, 2015 మరల రానీయకుడు, నడుము విరిగిన కార్మికునకు గోలీతో పాటు వేతనముతో కూడిన విశ్రాంతిని ఇండు, ఏలయన ఈ వాడలో వ్యసనమునకు తొలి మోతాదు చాలమారులు మందుల షీటులో గాక షిఫ్టు జాబితాలో మొదలగుచున్నది.

ఒకనాడు హైదరాబాదు నొప్పిని గూర్చిన ప్రశ్నకు లోకమునకు జవాబు చెప్పబూని, సగము సరిగాను, సగము తప్పుగాను చెప్పినది. సరియైన సగము, మందు ఇచ్చిన వైద్యుడు ఆ మందు దేహమున నున్నంతసేపు రోగిని విడువరాదను నియమము. ప్రాథమిక వైద్యుడు ఆ నియమమును శస్త్రచికిత్సాశాలలోని గంటనుండి పల్లెలోని నెలలకు విస్తరింపజేసినచో, ఏ పట్టికయు ఇయ్యజాలని భద్రతను తన రోగులకు ఇయ్యగలడు.